నాన్న పాత ఫోన్‌లోని రాళ్లు

భావనపాడు,
మంగళవారం.

ధనరాజు బావకు,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కనుక ఈ కాగితం అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను.

మడతపెట్టే ఫోన్ నుంచి ట్యాబ్లెట్ దాకా కొత్తగా వచ్చిన ప్రతిదీ పట్టి చూసే పిచ్చి నాకుంది. అందుకే చెబుతున్నాను. టెక్కలి షాపులో నువ్వు నాన్నకు అంటగట్టింది ఒడ్డున కూర్చునేవాడి ఫోన్. రెండు వందల మెగాపిక్సెల్ కెమెరా ఉంది. వల తాళ్లకు అరిగిన వేలిముద్రను మాత్రం అది గుర్తుపట్టదు.

అదైనా సర్దుకోవచ్చు. నీటి అడుగున వలలు చిక్కుకునే రాళ్లను నాన్న పదకొండేళ్లుగా పాత ఫోన్‌లోని మ్యాప్ యాప్‌లో గుర్తు పెట్టుకుంటూ వచ్చాడు. మొత్తం నూట నలభై చోట్లు. "అన్నీ ఎక్కించీసాను మావా" అన్నావు. ఫొటోలు ఎక్కాయి. గుర్తులు ఎక్కలేదు. ఆ పాత యాప్ కొత్త ఫోన్‌లో పనిచేయదు. ఫోన్లు అమ్మేవాడివి, అదైనా చూడలేదు.

నిన్న సముద్రంలో నాన్న నన్నడిగాడు: "ఒరే, నా రాళ్లేవిరా? దీనికి సముద్రమంతా నున్నగానే ఉన్నాదేటి?"

గంటలోపే వల రాయికి పట్టి చిరిగింది. సగం అడుగునే ఉండిపోయింది.

ఎక్స్ఛేంజ్‌లో తీసుకున్న పాత ఫోన్‌ను నువ్వింకా చెరపలేదని అక్క చెప్పింది. చెరపకు. అమ్మ చేతికివ్వు. అది వచ్చేదాకా మా పడవ కదలదు.

అమ్మ ఎండుచేపల గంపతో వస్తోంది. "ఇచ్చీదాకా అల్లుడి షాపులోనే కూకుంటాను" అంటోంది. ఏసీ మాత్రం ఆపకు. ఆవిడకు ఉక్క పడదు.

నీ బావమరిది