నాన్నకు సగం గ్లాసే

అత్తయ్యా,

బడికి వెళ్తున్నాను. నాన్న లేవగానే సగం గ్లాసు పాలే ఇవ్వు. అవి తాగాక మాత్ర వెయ్యి. బతిమాలి ఇంకేమీ పెట్టకు. అమ్మ పోయాక రోజుల తరబడి పస్తులున్న మనిషికి మొన్న కడుపు నిండా పెట్టి మురిసిపోయాం. అలా ఒక్కసారిగా తినడం వల్లే రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం పడిపోయి, ఒంట్లో సత్తువ లేక ఆయాసంతో కూలబడ్డారని డాక్టరు చెప్పేదాకా మనకేం తెలుసు? మళ్ళీ ఆయాసపడితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళు. నేను అక్కడికే వస్తాను.

ఆ రోజు నాన్న తిన్నది ఆకలేసి కాదట. "మీ అత్త ఏడుపు మొహం చూడలేక మింగానే" అన్నారు నిన్న.

అన్నట్టు, నీ అన్నం మూతపెట్టి ఉంచాను. ఆయన ఎదురుగా కూర్చుని తిను. నువ్వు తినకపోతే, నీ మనసు కోసమని ఆకలి లేకపోయినా మళ్ళీ అన్నం పెట్టమంటారు.