రాత్రి డ్యూటీలో తలూపిన కథ

బోరబండ,
సోమవారం ఉదయం.

చిరంజీవి మనోజకు అక్క ఆశీర్వదించి రాయునది.

నేను క్షేమం. పన్నెండు గంటల తరవాత ఇదే వంటింట్లో నువ్వూ క్షేమమని తలుస్తాను. నేను ఇల్లు చేరేసరికి నువ్వు టోలిచౌకి బస్సెక్కేస్తున్నావు. నువ్వు వచ్చేసరికి నేను హోటల్లో ఉంటున్నాను. ఫ్రిజ్ మీద "పాలు కాచు", "పప్పు ఉంది" అని చీటీలు అంటించుకుంటుంటే మనం అక్కాచెల్లెళ్ళలా లేం, పక్క పక్క వాటాల వాళ్ళలా ఉన్నాం. అందుకే ఉత్తరం.

ఉద్యోగం బాగుంది. రిసెప్షన్‌లో కూర్చోవాలి, తాళాలు ఇవ్వాలి, తెల్లవారుజామున లేపమన్నవాళ్ళని లేపాలి. కష్టం ఒక్కటే. యాభై నాలుగేళ్ళూ రాత్రి తొమ్మిదికి పడుకున్నదాన్ని. పెందలాడే పడుకోమని మీ అందరి ప్రాణాలూ తీసి, ఇప్పుడు పడుకోనందుకు జీతం తీసుకుంటున్నాను. నిద్ర ఆపుకోవడానికి జపమాల తిప్పుతున్నాను. దేవుడి పేరు ఇంత స్వార్థంతో ఎప్పుడూ తలుచుకోలేదు. అయినా అర్ధరాత్రి దాటాక కూర్చున్నచోటే నిద్రపోతున్నాను.

మేనేజర్ ఓంప్రకాష్ గారు మొదటిరోజే చెప్పారు. "అమ్మా, నీ ముందున్నాయన కుర్చీల పండుకుండు. పొద్దుగాలనే ఇంటికి తోలిన. నెల దినాలు జూస్త. మంచిగ జేస్తె పర్మనెంట్." నేను పనిచేసే స్కూలు మూసేశాక ఇన్నాళ్ళూ నీ జీతం మీదే తిన్నాను. ఈ వయసులో నన్ను పిలిచి ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఇంకొకరుండరు. ఇది నిలబెట్టుకోవాలి.

రాత్రి 207 గది ఆయన కిందికి వచ్చాడు. నా ఎదురుగా కూర్చుని తన కథంతా చెప్పాడు. చివర ఏడ్చాడు. నా కాళ్ళకి దండం పెట్టి వెళ్ళాడు.

ఆశీస్సులతో,
అక్క సత్యలక్ష్మి.

తా.క. మధ్యలో ఒక పాట కూడా పాడాడు. గోంగూర పచ్చడి కింది అరలో ఉంది.

బోరబండ,
సోమవారం రాత్రి.

పూజ్యురాలైన అక్కకి మనోజ నమస్కరించి రాయునది.

నేను క్షేమం కాదు. ఆ ఉత్తరం చదివాక ఎవరూ క్షేమంగా ఉండరు. ఒక మగమనిషి నీ ముందు ఏడ్చి కాళ్ళ మీద పడ్డాడన్న సంగతికీ, గోంగూర పచ్చడికీ ఒకటే సైజు అక్షరాలా? నీకు మాట పొదుపని తెలుసు. మరీ ఇంత పొదుపైతే ఎలాగక్కా.

ఎవరాయన? వయసెంత? అర్ధరాత్రి నీకు తన కథ ఎందుకు చెప్పుకున్నాడు, ఇంట్లో వినేవాళ్ళు లేరా? ఏం పాట పాడాడు? భక్తి పాటైతే సరే. కాకపోతే వెంటనే రాయి. మా షాపులో నా పక్క మిషను మీద కుట్టే నిహారికతో అన్నాను. "మగాడు పాట పాడాడంటే మామూలు విషయం కాదు మనోజక్కా. మా ఆయన పెళ్ళికి ముందు ఒక్కసారి పాడాడు. మళ్ళీ పాడలేదు" అంది. అప్పట్నుంచీ నాకు హుక్కు ఒకచోట, కాజా ఒకచోట పడుతున్నాయి.

ఇట్లు,
నీ చెల్లెలు మనోజ.

తా.క. అసలు విషయం అడగడం మర్చిపోయాను. నువ్వేం సమాధానం చెప్పావు?

బోరబండ,
మంగళవారం ఉదయం.

చిరంజీవి మనోజకు ఆశీస్సులు.

నీ ఉత్తరంలో అన్నీ ప్రశ్నలే. వరసగా జవాబులు రాస్తున్నాను. పేరు సాయిశ్రీనివాస్. వయసు అడగలేదు, తలకి రంగు వేస్తాడు. పాట ఆయన సొంతం. ఏళ్ళ తరబడి ఎన్నో గుమ్మాలు ఎక్కాడట. కథ సగంలో ఉండగానే అందరూ ఫోన్ చూసుకునేవాళ్ళట. నేను చూసుకోలేదు. డ్యూటీలో మా ఫోన్లు లాకర్లో పెట్టిస్తారు కదా.

మొదటి సగం కొంత విన్నాను. రెండో సగం వచ్చేసరికి నిద్రలో ఉన్నాను. జపం చేస్తే నా తల ఊగుతుందని నీకు తెలుసు. నిద్రలోనూ ఊగిందట. "ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరమ్మా" అన్నాడు. నిద్రపోయానని చెబితే ఓంప్రకాష్ గారి చెవిన పడుతుంది. అందుకని ఊరుకున్నాను. నా మౌనం చూసి జ్ఞానం అనుకున్నట్టున్నాడు. చిన్నప్పుడు మీరూ అలాగే అనుకునేవాళ్ళు.

నిన్న రాత్రి మళ్ళీ వచ్చాడు. కథ కొంచెం మార్చి చెప్పాడు. మళ్ళీ తలూపాను. ఇవాళ పెద్దాయన్ని తీసుకొస్తాడట. ఆయనకీ నచ్చితే ముహూర్తం పెట్టుకుంటారట.

ఆశీస్సులతో,
అక్క.

తా.క. ఏం సమాధానం చెప్పావని అడిగావు. మెలకువ రాగానే "సరే" అన్నాను. దేనికో తెలీదు.

బోరబండ,
మంగళవారం రాత్రి.

అక్కకి మనోజ నమస్కారాలు.

ఏళ్ళ తరబడి గుమ్మాలెక్కాడంటే ఎన్ని సంబంధాలు తప్పిపోయాయో ఆలోచించావా? సొంత కథని నిన్న ఒకలా, ఇవాళ ఇంకోలా చెప్పే మనిషిని నమ్మడం ఎలా? దేనికో తెలీకుండా "సరే" అనడం ఏమిటి? నాకు సంబంధం వచ్చినప్పుడు పిల్లాడి మేనమామ ఉద్యోగం కూడా ఆరా తీశావు.

ఈ ఇంట్లో ముహూర్తం అన్న మాట వినిపిస్తే అది నాకోసమే అనుకున్నాను. నాకు నలభై వస్తున్నాయి. మాట వచ్చింది గానీ నీకోసం వచ్చింది. కాసేపు ఏడ్చాను. ఎందుకని అడక్కు. తరవాత నవ్వొచ్చింది.

(రెండో పేజీ)

అక్కా, నాన్న పోయాక మమ్మల్ని పెంచుతూ నీ సంగతి నువ్వు చూసుకోలేదు. నీకు ఇష్టమైతే కాదనడానికి నేనెవర్ని. తొందరపడకు, అంతే. జీవితాంతం ఉండాల్సిన చోటు. అన్నీ అడిగి తెలుసుకో.

నీ మనోజ.

తా.క. తలకి రంగు వేసుకోవడం తప్పేం కాదు. కాశీవిశ్వనాథం బాబాయి కూడా వేసుకుంటాడు.

బోరబండ,
బుధవారం సాయంత్రం.

చిరంజీవి మనోజకు అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం మొదటి పేజీ పట్టుకుని నిద్రపోయాను. లేచాక కనబడలేదు. రెండో పేజీ చదివాను. నీ మనసు మంచిది. ఈ ఉద్యోగం గురించి నువ్వు ఇంత ఆలోచిస్తావని అనుకోలేదు. నాకు ఇష్టమే. నువ్వు చెప్పినట్టే హోటలుకి ఫోన్ చేసి అన్నీ అడిగాను. జీవితాంతం ఉంచుకోరట. అరవై దాటాక పంపేస్తారు. ఒంట్లో ఓపికుంటే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారట. తిండి వాళ్ళదే.

నిన్న రాత్రి పెద్దాయన వచ్చాడు. తెల్ల బట్టలు, వేళ్ళ నిండా ఉంగరాలు. నా ముఖమే చూస్తూ కూర్చున్నాడు. నేను ఈసారి మొదట్లోనే నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ కౌగలించుకుంటున్నారు. పెద్దాయనకి ఇలాంటి సెంటిమెంట్లు ఎక్కువట. "ఈవిడ తలూపితే తిరుగులేదు" అన్నాడు. ఆ మాట విని ఇంకో ముగ్గురు తమ కథలతో వచ్చి కుర్చీలు లాక్కున్నారు. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి ఫిలింనగర్ గుడిలో ముహూర్తం. నన్ను కూడా రమ్మన్నారు.

ఆశీస్సులతో,
అక్క.

తా.క. అది నాకు నిద్ర వేళ. వీలైతే వస్తానన్నాను.

బోరబండ,
శుక్రవారం మధ్యాహ్నం.

అక్కకి. నమస్కారం ఉంది, తరవాత పెడతాను.

నువ్వు లోపల గదిలో నిద్రపోతున్నావు. లేపుదామని రెండుసార్లు వచ్చి, నీ ముఖం చూసి వెనక్కి తిరిగాను. ఇక్కడే స్టవ్ పక్కన కూర్చుని రాస్తున్నాను.

"నన్ను కూడా రమ్మన్నారు" అన్నావు. పెళ్ళికూతుర్ని కూడా పిలిచే పెళ్ళి ఎక్కడైనా ఉంటుందా అని వెంగళరావు నగర్లో కాశీవిశ్వనాథం బాబాయికి ఫోన్ చేశాను. అవును, నీకు పెళ్ళనుకున్నాను. అరవై దాటాక పంపేస్తారని చెబితే బాబాయి మండిపడ్డాడు. "అద్దెకొంపా అది, ఖాళీ చేయించడానికి? పద, నేనొచ్చి మాట్లాడతాను" అన్నాడు. నీకు చెప్పకుండా ఎర్రంచు పట్టుచీర కొన్నాను. నేను చీర, పసుపు కుంకుమల పళ్ళెంతో, బాబాయి పట్టుపంచెతో గుడికి వెళ్ళాం.

షామియానా, పూలు, కొబ్బరికాయలు అన్నీ ఉన్నాయి. బాబాయి ఒకతన్ని ఆపి "మేం ఆడపెళ్ళివారం" అన్నాడు. "ఆడపెళ్ళివారు అటు కూర్చోండి. టిఫిన్ అక్కడే" అన్నాడతను. మర్యాద తెలిసినవాళ్ళేనని బాబాయి మెత్తబడి నాలుగు ఇడ్లీలు తిన్నాడు. ఇంతలో పాతికేళ్ళు లేని పిల్ల పెళ్ళికూతురి అలంకరణలో వచ్చి దేవుడి ముందు నిలబడింది. బాబాయికి ఆవేశం ఆగలేదు. నేరుగా వెళ్ళి అందరి మధ్యా నిలబడి, "మా సత్యలక్ష్మి అరవై దాటాక ఎక్కడికి పోవాలి? ముందది తేల్చండి" అని కండువా విదిలించాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు చూశాను, ఎదురుగా కెమెరా.

సినిమా అని ఒక్క మాట రాయడానికి నీకు ఇంకు చాలలేదా అక్కా?

ఇంకా ఉంది. ఆ ఉంగరాల నిర్మాత "సత్యలక్ష్మిగారు రాలేదా" అని మూడుసార్లు అడిగాడు. నువ్వు రాలేదంటే కథ నీకు ఎక్కడో నచ్చలేదట. ఏ సీనుకి నీ ముఖం ఎలా మారిందో చూడాలట. ఈ రాత్రి హోటలుకి వచ్చి రిసెప్షన్‌లో ఉన్న సీసీ కెమెరా రికార్డింగు వేయించుకుంటానన్నాడు. మీ ఓంప్రకాష్ గారూ పక్కనే కూర్చుని చూస్తారు. ఇది చెప్పాలనే పరుగెత్తుకొచ్చాను.

మనోజ.

తా.క. బాబాయికి హీరోయిన్ తండ్రి వేషం ఇస్తామన్నారు. ఇందాక ఫోన్ చేస్తే, ఏదైనా ఉంటే సాయంత్రం మాట్లాడమన్నాడు.

బోరబండ,
శుక్రవారం సాయంత్రం.

చిరంజీవి మనోజకు ఆశీస్సులు.

నువ్వు మళ్ళీ షాపుకి వెళ్ళావని పక్కింటావిడ చెప్పింది. మా హోటలున్న ఫిలింనగర్లో కథ అంటే సినిమా కథ అని వేరే చెప్పాలనుకోలేదు. తప్పు నాదే. నేను నోరు విప్పకపోవడం వల్ల ఇన్ని జరుగుతాయని ముందే తెలిస్తే, కనీసం పచ్చడి గురించి రాయడం తగ్గించి ఉండేదాన్ని.

రికార్డింగు చూస్తే నా సంగతి తేలిపోతుంది. దేవుణ్ణి అడగడానికి మొహం చెల్లలేదు. ఆయన పేరు చెప్పుకునే కదా నిద్రపోయాను. దీపం పెట్టి ఊరుకున్నాను. రేపు ఉదయం సంచీతో సహా వస్తాను.

పట్టుచీర చూశాను. నాకు పెళ్ళి అని నువ్వు నమ్మినందుకు నవ్వుకున్నాను. తరవాత ఒకసారి కట్టుకుని చూసుకున్నాను.

ఆశీస్సులతో,
అక్క.

తా.క. షాపుకి తిరిగి ఇవ్వొద్దు.

బోరబండ,
శుక్రవారం రాత్రి.

అక్కకి నమస్కారం. మధ్యాహ్నం బాకీ పడ్డది కూడా కలిపి.

ఉద్యోగం పోతే పోనీ. నువ్వు రాత్రి ఇంట్లో ఉంటావు. పెందలాడే పడుకోమని నన్ను తిడతావు. ఇల్లు ఇల్లులా ఉంటుంది.

మనోజ.

తా.క. పోకపోతే ఇంకా మంచిది. ఇంటాయన అద్దె పెంచుతానంటున్నాడు.

ఫిలింనగర్,
ఆదివారం తెల్లవారుజామున (హోటల్ నుంచే రాస్తున్నాను).

చిరంజీవి మనోజకు అక్క ఆశీర్వదించి రాయునది.

నిన్న రాయలేకపోయాను. మనసు కుదురుగా లేదు. ఇవాళ వివరంగా రాస్తున్నాను, ఎక్కువైతే ఓర్చుకో.

శుక్రవారం రాత్రి మేనేజర్ గదిలో టీవీలో రికార్డింగు వేశారు. నేను గోడ పక్కన నిలబడ్డాను. నిద్రలో నా నోరు కొద్దిగా తెరుచుకుంటుందని తెలిసింది. ఇన్నాళ్ళు మీరెవరూ చెప్పలేదు.

"ఇదిగో, ఇక్కడ కళ్ళు మూసింది. ఏ సీనది?" అన్నాడు నిర్మాత.

"ఇంటర్వెల్ తరవాత పాటండీ" అన్నాడు సాయిశ్రీనివాస్.

"తీసెయ్. ఇక్కణ్ణించి ఎంతసేపటికీ తెరవలేదేంటి?"

"అది ఫ్లాష్‌బ్యాకండీ."

"మొత్తం తీసెయ్."

కోట్లు మిగిలాయని నిర్మాత నాకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఓంప్రకాష్ గారు తలుపు వేశారు. నేను లాకరు తాళం బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని నా వైపే తోశారు.

"అమ్మా, నువ్వు పండుకుంటున్నవని నాకు మొదటి దినం నుంచే ఎర్క. గని నువ్వొచ్చినంక కథలు చెప్పెటోళ్ళతోని రూములన్ని నిండినయ్. రాత్రంత ఛాయ్‌లు పోతున్నయ్, బిర్యానీలు పోతున్నయ్. ఫికర్ జెయ్యకు, పర్మనెంట్ జేస్తున్న. గట్లనే పండుకో. నోరు మాత్రం ఇప్పకు. నువ్వు మాట్లాడితె నీకు ఏం తెల్వదని అందరికి తెలుస్తది."

ఆయన తిట్టారో పొగిడారో ఇంకా తేలలేదు. ఉద్యోగం మాత్రం పర్మనెంట్.

ఈ రాత్రి ధైర్యంగా కుర్చీలో వెనక్కి వాలాను. నిద్ర రాలేదు. జపం చేశాను, రాలేదు. నిద్రపోవచ్చు అన్నాక నా కళ్ళు మూతపడటం మానేశాయి. సాయిశ్రీనివాస్ వచ్చి మార్చిన కథ చెప్పాడు. మొదటిసారి మొత్తం విన్నాను. హీరో అక్క రెండో సగంలో చనిపోతుంది. అందుకే అతను రోజూ ఏడ్చి నా కాళ్ళకి దండం పెడుతున్నాడు. నన్ను చూస్తే ఆ పాత్ర గుర్తొస్తుందట. ఇన్ని రాత్రులు ఆ చావుకి తలూపానన్నమాట.

ఆగలేకపోయాను. "అక్కని ఎందుకు చంపారు బాబూ" అన్నాను.

"ఆవిడ పోతేనే కదమ్మా హీరోకి కోపం వచ్చేది."

"కోపం తెప్పించడానికి అక్క చావాలా? అక్క రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపితే చాలదా?"

అతను కన్నీళ్ళు తుడుచుకుని పైకి వెళ్ళాడు. ఇప్పటికీ 207లో లైటు వెలుగుతోంది, మొదటి నుంచీ మళ్ళీ రాస్తున్నాడట. ఎదురుగా ఇంకో ఇద్దరు కథలతో కూర్చున్నారు. ఒకడి కథలో తల్లి పోతుంది, ఒకడి కథలో ఊరు ఊరంతా పోతుంది. రెండూ పూర్తిగా విన్నాను. రెండింటికీ కష్టం మీద నోరు మూసుకున్నాను.

ఆశీస్సులతో,
అక్క సత్యలక్ష్మి.

తా.క. నేను మేలుకుని ఉంటున్నానని ఎవరితోనూ అనకు. ఓంప్రకాష్ గారికి తెలిస్తే ఉద్యోగం పోతుంది.