నేను గీసిన ఇళ్ళు కట్టవద్దని మనవి

గృహ నిర్మాణ విభాగపు ప్రధాన ఇంజినీరు గారి సముఖమునకు

అయ్యా,

విషయం: ఎడారి అంచున కట్టబోవు రెండు వందల నలభై కుటుంబ గృహముల నమూనాకు ఇచ్చిన ఆమోదమును రద్దు చేయుట గురించి, సదరు నమూనా గీసినవాడే చేసుకొను మనవి.

తమ విభాగమున నక్షాల గదిలో పదకొండు సంవత్సరములుగా పనిచేయుచున్న సహాయ ఇంజినీరును నేను. వచ్చే నెల మొదటి వారమున సదరు ఇండ్లకు పునాదులు తవ్వనున్నారని తెలిసి, అంతకు ముందే ఈ దిగువ అంశములు తమకు తెలియజేయుట నా విధి అయి ఉన్నది. ఈ విధి ఏడాది క్రితమే ఉండినది. చేయలేదు.

1. నమూనా గృహమునకు మట్టి ఇటుకల దళసరి గోడలు, చిన్న కిటికీలు, ముందు గది కప్పుపైన ఎత్తైన గాలి గొట్టము కలవు. గొట్టములోంచి దిగిన గాలి నీటి కుండల మీదుగా పోయి ముందు గదిని, వెనుక గదిని చల్లబరచి, వెనుక గోడ పైనున్న కంతలోంచి బయటపడును. రెండు గదుల నడుమ జరిపే చెక్క గోడ కలదు. కుటుంబము పెరిగినచో గోడ మూసి రెండు గదులు చేసుకొనవచ్చును, లేనిచో తెరచి ఒకే హాలుగా వాడుకొనవచ్చును. తమరు మెచ్చుకున్నది ఈ గోడనే. నేను గర్వపడినదీ దీని గురించే.

2. గోడ మూసినచో గాలి ముందు గదిలోనే ఆగిపోవును. వెనుక గదికి పడమటి ఎండ తప్ప మరేమీ చేరదు.

3. పరీక్ష కోసం ఒక కుటుంబపు స్థలములో సదరు గృహము ఒకటి కట్టి, వారిని అందులో ఉంచితిమి. నీళ్ళ ట్యాంకరు నడిపే భర్త, ఇంట్లోనే బట్టలు కుట్టే భార్య, అతని తల్లి. ఆ తల్లిని నేను పెద్దమ్మా అని పిలిచేవాడిని. పది రోజులు ఉష్ణోగ్రత కొలిచితిని. ఆ పది రోజులూ గోడ మూయవద్దని వారికి నేనే చెప్పితిని. నివేదికలో "గోడ మూసి ఉన్నప్పుడు, వెనుక గది" అనే గడిలో ముప్పై ఆరు డిగ్రీలని రాసి ఉన్నది. అది కొలిచిన అంకె కాదు. నివేదిక ఇవ్వవలసిన గడువు మర్నాడు. గడి ఖాళీగా ఉంటే బాగుండదని నింపేశాను.

4. తనిఖీ సంఘము వచ్చిన రోజున తమరు పెద్దమ్మను అడిగితిరి, "ఇల్లు ఎలా ఉందమ్మా?" అని. ఆవిడ "కుండలో కూర్చున్నట్టుంది నాయనా, చల్లగా" అన్నది. తమరంతా నవ్వితిరి. ఆవిడ అబద్ధమాడలేదు. గోడ తెరిచి ఉన్న ఇంటి గురించి చెప్పింది. మూసిన ఇల్లు ఆవిడకి అప్పటికింకా తెలియదు.

5. ఈ వేసవిలో కోడలికి ఆడపిల్ల పుట్టినది. తల్లీబిడ్డల కోసం గోడ మూసిరి. మూసుకొనవచ్చునని నక్షాలో రాసి ఉన్నది కదా. చల్లటి ముందు గది పసిదానికి ఇవ్వాలని పెద్దమ్మ తన మంచం తనే వెనుక గదిలోకి లాక్కున్నది. కోడలు వద్దంటే, "నాకేమే, ఎండలో పుట్టిన ప్రాణం. నువ్వు పిల్లని చూసుకో" అన్నదట. మూడో రోజు మధ్యాహ్నం నాలుగు గంటలకి టీ ఇద్దామని కోడలు తలుపు తోస్తే, ఆవిడ ఒళ్ళు పెనంలా కాలిపోతూ ఉంది. చనిపోయిన భర్తతో మాట్లాడుతోంది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు. ప్రాణం నిలిచినది. నడక పోయినది. మాట ముద్దముద్దగా వస్తోంది.

6. ఆవిడని ఆసుపత్రిలో చేర్చిన మరుసటి రోజు నేను ఆ ఇంటికి వెళ్ళి గోడ మూసి, వెనుక గదిలో ఉష్ణమాపకం పెట్టాను. నలభై మూడు. నేను ఆ గదిలో పావుగంట కూడా కూర్చోలేకపోయాను అయ్యా.

7. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు చెప్పేద్దామనే వెళ్ళాను. తప్పు నాదేనని, ఆ అంకె నేను కల్పించినదని. మంచం పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చేయి పట్టుకుని, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ అడిగింది: "బాబూ, నీ ఉద్యోగానికేం ఇబ్బంది రాలేదు కదా?" లేదు పెద్దమ్మా అన్నాను. ఇంకేమీ చెప్పకుండా లేచి వచ్చేశాను. ఇప్పుడు తమరికి చెప్పుకుంటున్నాను.

కావున తమరిని ప్రార్థించునది ఏమనగా:

(అ) సదరు నమూనాకు ఇచ్చిన ఆమోదము తక్షణమే రద్దు చేయవలెను. రెండు వందల నలభై ఇళ్ళలో రెండు వందల నలభై వెనుక గదులు ఉంటాయి. చల్లటి గది పిల్లలకి వదిలి వాటిలోకి వెళ్ళేది ఇంటి పెద్దలే.

(ఆ) ఇందుతో జతపరచిన సవరించిన నక్షాను పరిశీలించవలెను. గాలి గొట్టమును ముందు గది నుండి తీసి, జరిపే గోడ మీదుగానే పెట్టినచో, గోడ మూసినను తెరిచినను గాలి రెండు వైపులకును దిగును.

(ఇ) నాపై తగు చర్య తీసుకొనవలెను. ఏ చర్య అనేది నేను సూచించను. తక్కువ సూచిస్తానేమోనని భయం.

జరిగినది ఇదేనని, చేసినది నేనేనని చిత్తగించవలెను.

విధేయుడనని రాసుకునే అర్హత ఇంకా మిగిలి ఉంటే,
తమ విధేయుడు,
సహాయ ఇంజినీరు, నక్షాల గది

తాజా కలం: పై (ఆ)లో చెప్పిన సవరణ నాది కాదు. పరీక్ష ఇంటికి పునాది వేస్తున్న మొదటి వారంలోనే ఆ కోడలు నాతో అన్నది: "గాలి గొట్టం ఒక గదిలోనే ఎందుకు సార్? చొక్కాకి మెడ నడిమధ్యన పెడతాం గానీ భుజం మీద పెడతామా?" నేను నవ్వి ఊరుకున్నాను. కాగితం మీద రాసుకోను కూడా లేదు. ఈ అర్జీ రాసేటప్పుడు కూడా దాచబోయాను.

నిన్న పొద్దున ఆ ఇంటికి వెళ్ళి, నక్షా మీద ఆమె పేరు వేస్తానని, సంతకం పెట్టమని అడిగాను. ఆమె పిల్లని ఒళ్ళో వేసుకుని గుండీలు కుడుతోంది. తల ఎత్తలేదు.

"నా పేరెందుకు సార్? మా అత్తయ్య గదిలోకి గాలి ఎప్పుడొస్తుందో ఆ తారీఖు వేసి పట్రండి, పెడతాను" అంది.

నక్షా కింద తారీఖు చోటు ఖాళీగా వదిలాను. అది వేయవలసింది తమరు. ఈసారి ఆ ఖాళీని నేను నింపలేను.