జపానోడి కోసం ఏడిసినాను

బటాంగ్ బెర్జుంటై,
11-5-1958.

బంగారమ్మక్కకి తమ్ముడు నారాయణసామి దండాలు. ఇక్కడ నేనూ, రుక్మణీ, పిల్లలూ బాగున్నాం. బాగన్ దాతుక్‌లో నువ్వూ, మేనకోడలు పుష్పవల్లీ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబు. కర్ఫ్యూ ఎత్తేసినారు, పుష్పవల్లి పెళ్ళికి రావడానికి ఇబ్బంది లేదు. రుక్మణి మోకాలు అలగే ఉంది. తైలం రాయమంటే రాయదు, మూలగడం మాత్రం మానదు. పెళ్ళికూతురికి సీర కొన్నాం.

ఆ సీర కోసం క్లాంగు ఎల్లినప్పుడే వచ్చింది తంటా. మావోడు కాంతయ్య "నాయనా, జపాను యుద్ధం పడం ఆడతంది, రా!" అని ప్రాణం తీసేసినాడు. యుద్ధం నేను సూడలేదేటి, టిక్కెట్టు కొని సూడాలా? ఇంటేనా! లాక్కెల్లి కూకోబెట్టినాడు. తెర నిండా రగతం, తెగిన సేతులు, బురదలో పీనుగులు. ముందు వరస కుర్రోళ్ళు వేరుశనగలు నములుతా ఈలలు. నా పక్కనున్న ముసిలాయన వాంతి సేసుకున్నాడు. మావోడు నా సెవిలో "నిజంగా ఇలగే ఉంటాదా?" అంటాడు. ఏటి సెప్పేది ఆడికి! కంపేదిరా, ఈగలేవిరా అన్నాను. ఎనకోడు నోరు ముయ్యమన్నాడు.

ఆకర్న ఒక జపాను సోల్జరు, మీసం కూడా సరిగా రానోడు, జొరంతో అమ్మని పిలుస్తా సచ్చిపోనాడు. నాకు ఏడుపొచ్చేసింది అక్కా, వెక్కి వెక్కి. ఎవుడి కోసం? నన్నూ, నీ పెనిమిటి అప్పయ్య బావనీ లారీ ఎక్కించి సయాం అడివిలో రైలు పట్టాలేసే పనికి తోలుకెల్లినోళ్ళ కోసం! నా మీద నాకే ఎంత సిరాకేసిందో. సొంత బావ కోసం ఒక్క సుక్క రాల్చనోణ్ణి.

అవునక్కా, బావ లేడు. సయాం పిల్లతో ఉండిపోనాడని నేను సెప్పింది అబద్ధం. కలరా వచ్చింది. రెండు రోజుల్లో అయిపోయింది. నేనే మోసుకెల్లి, పదిమందితో కలిపి మంటలో ఎట్టినాను. మాట పడిపోయేదాకా నీ పేరే.

నేను తిరిగొచ్చినప్పుడు నువ్వు ఇంత బొట్టెట్టుకుని, నాలుగేళ్ళ పిల్లని సంకనేసుకుని గుమ్మంలో నిలబడ్డావు. ఆ బొట్టు సెరపడానికి నాకు నోరు రాలేదు. బతికే ఉన్నాడు, ఇంక రాడు అనేసినాను. నాలుగు తిట్టి మర్సిపోతావనుకున్నాను. నువ్వా మర్సిపోయేదానివి! పదమూడేళ్ళుగా ప్రతి ఉత్తరంలోనూ ఆ మడిసిని తిడతానే ఉన్నావు, నేను నోరు మూసుకుని సదువుతానే ఉన్నాను.

ఇప్పుడు శుభలేఖలో ఆ ఎదవ పేరు ఎయ్యనని రాసినావు. ఎయ్యి అక్కా. ఆయన నిన్ను వదిలెయ్యలేదు. బొట్టు ఉంచుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం. ఎవరేటన్నా తప్పు నాదని సెప్పు. పెళ్ళికి నన్ను రావద్దంటే రాను, సీర పోస్టులో పంపుతాను. అచ్చుకిచ్చేటప్పుడు మాత్రం, పుష్పవల్లి తండ్రి పేరు ముందు "కీర్తిశేషులు" అని ఏయించు.

ఇట్లు,
నీకు అబద్ధమాడిన తమ్ముడు,
నారాయణసామి