ఎవరు తోసినా

మార్చి 4, ఆదివారం

ఈ రోజు మూడు షోలు. కాళ్ళు పీకుతున్నాయి. సైన్స్ మ్యూజియం హాల్లో అక్కా నేనూ స్కేట్స్ వేసుకుని, ఎదురెదురుగా నిలబడి, అరచేతులు ఆనిస్తాం. ఒక్కరమే తోస్తాం. ఇద్దరమూ వెనక్కి పోతాం. ఎవరు తోశారని అక్క మైకులో అడుగుతుంది. దూరం పోయేది నేను కాబట్టి చాలామంది పిల్లలు నావైపే వేలు చూపిస్తారు. నిజానికి చూసి చెప్పే వీలే లేదు. నేను అక్కని ఎంత బలంగా తోస్తే, అక్క చేతులూ నన్ను అంతే బలంగా తోస్తాయి, తను ఊరికే నిలబడినా సరే. బలం సమానం. నేను తేలిక, అంతే తేడా. అందుకే అక్క నన్ను పిచ్చుకా అంటుంది.

మార్చి 9, శుక్రవారం

ఏప్రిల్ నుంచి షోకి ఒక్క మనిషే చాలట. రెండో మనిషిని ప్రేక్షకుల్లోంచి పిలుస్తారట. మేనేజర్ నోటీసు పెట్టేశారు. క్యాంటీన్లో అక్క నా చెయ్యి పట్టుకుని, ఉంటే ఇద్దరం, పోతే ఇద్దరం, సోమవారం కలిసే వెళ్ళి చెబుదామే అంది. నాకు కొండంత ధైర్యం వచ్చింది.

మార్చి 10, శనివారం

అక్క స్కేట్స్‌కి కొత్త లేసులు కొంది. తన వాటికే.

మార్చి 12, మధ్యాహ్నం

మెట్ల దగ్గర మేనేజర్ కంగ్రాట్స్ అన్నారు. ఎందుకు సార్ అంటే, వేరే ఉద్యోగం దొరికిందటగా, మీ అక్క శనివారమే వచ్చి చెప్పిందమ్మా అన్నారు. పళ్ళికిలించి థాంక్స్ అన్నాను. థాంక్స్! నా నోరు పడిపోను.

మార్చి 12, సాయంత్రం

అడిగేశాను. అక్క తలెత్తకుండా స్కేట్స్ తుడుస్తూ, ఈ గంతులు విసుగొస్తున్నాయని నువ్వేగా అన్నావు అంది. నేను విసుగని అనని రోజుందా! అన్నం తింటూ కూడా అంటాను. తర్వాత మెల్లగా, మనిద్దరం ఎప్పుడో దూరం జరిగామే, అందులో ఒకరి తప్పేముంది అంది.

ఒళ్ళు మండిపోయింది. షోలో చెప్పే పాఠమే నాకు అప్పజెప్పింది. సొంత అక్క. చిన్నప్పుడు నాకు స్కేట్స్ తొడిగిన అక్క.

అంతా అబద్ధమని మేనేజర్‌కి చెప్పొచ్చు. చెబితే అక్క ఉద్యోగమూ ఊడుతుంది, అబద్ధాలకోరుని ఎవరుంచుకుంటారు? నేను తోస్తే ఇద్దరం పోతాం. ఆ సంగతి తనకి తెలుసు. నేను తొయ్యనని కూడా తెలుసు.

మార్చి 13

మేనేజర్ గది దాకా వెళ్ళాను. తలుపు తట్టలేదు.

మార్చి 31

చివరి షో. తోసే వంతు నాది. నేను తొయ్యలేదు.

అయినా గోడ దాకా పోయాను.

ఎవరు తోశారని అక్క మైకులో అడిగింది. పిల్లలందరూ నావైపే వేలు చూపించారు.