గడియారాల కొట్టులో గోప్యతా దీక్ష

సోమవారం, ఉదయం 6.10
నేటి నుంచి దీక్ష. నా గుట్టు ఇక ఏ కంపెనీకీ దక్కదు! అసలు తప్పు నాదే. మాటలు వినబడుతున్నాయి, గడియారం టిక్కే అందడం లేదని మొన్న ‘చెవి మిషన్ ధర’ అని వెతికాను. ఒకే ఒక్కసారి! అప్పట్నుంచి ట్యాబు తెరిస్తే ప్రకటనల నిండా చెవులే. ఆ ట్యాబేమో నాకూ మా ఆవిడకీ ఉమ్మడి. కొట్టు తెరిచిన రోజున ‘టిక్కు వినబడని నాడు తాళం వేసేస్తా’ అని ఆవిడ ముందు కోతలు కోశాను. ఆవిడ ఏదీ మర్చిపోయే మనిషి కాదు.

ఉదయం 10
పక్క కొట్టు సెల్ రిపేరు అమ్మాయి దగ్గరుండి చేయించింది. లొకేషన్: ఆఫ్. మైకు: ఆఫ్. వెతికిన చరిత్ర: తుడిచేశాం. ఆహా! బతుక్కి కూడా ఇలాంటి మీట ఒకటుంటేనా...
“సంబరపడకండి తాతగారూ. ముందు ముందు మనం వెతకనక్కర్లేదట. నడక చూసి, మనకేం కావాలో వాళ్ళే చెప్పేస్తారట.”
“మా ఆవిడ ఎప్పట్నుంచో అదే చేస్తోందమ్మా.”

మంగళవారం
చెవులు మాయం! బదులుగా పసిపిల్లల డైపర్లు, ట్రాక్టరు టైర్లు.
“డైపర్లేమిటండీ?” అంది ఆవిడ.
“వాళ్ళకి మనమెవరో తెలీదోయ్!” గర్వంగా అన్నాను.
కొట్టులో ఓ గోడగడియారం ఆగి ఆగి నడుస్తోంది. చెక్క పెట్టె అంచు పళ్ళతో పట్టుకున్నాను. దవడలోంచి తలలోకి టిక్కు, టిక్కు! మూడు నెలలుగా ఈ కిటుకే కొట్టును నిలబెడుతోంది.

గురువారం, సాయంత్రం 4
గంటస్తంభం మరమ్మతు వీడియో. చూడాలంటే ‘అన్నీ అంగీకరిస్తున్నాను’ నొక్కాలట. నొక్కాను. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత త్వరగా ఒప్పుకోలేదు. వృత్తి విజ్ఞానం కదా, తప్పు లేదు.
5 గంటలకి: ఇంకో తొమ్మిది అంగీకారాలు.

శుక్రవారం
చెవులు తిరిగొచ్చాయి. ట్యాబు ఆవిడ చేతిలో!
“ఆ ప్రకటనలూ...” నసిగాను.
“ప్రకటనలు చెప్పాలా? గడియారాల మీద పంటి గాట్లు చూసి మూడు నెలలైంది. ఎలకలకి అంత పెద్ద పళ్ళుంటాయా?”
గుండె టిక్కు మాత్రం స్పష్టంగా వినబడింది.
“అయితే తాళం...?”
“మీ కోతలకి తాళం వేయండి, చాలు. రేపట్నుంచి నేనొచ్చి వింటాను, మీరు బిగించండి. పళ్ళు మాత్రం పెట్టకండి, పరాయి సొత్తు.”

శనివారం
ఆవిడ చెవి, నా చెయ్యి. మూడు గడియారాలు నడిచాయి! మధ్యాహ్నం ట్యాబు నా ముందు పెట్టింది.
“ఇదేమిటండీ? ‘కదిలే పన్నుకి చక్కటి పరిష్కారం’?”
మూడు నెలలు చెక్క కొరికితే పన్ను కదలదూ? నిన్న వెతికాను. ఒకే ఒక్కసారి.
“ఎవరిదో మనకొచ్చిందిలే” అన్నాను.
రేపు ఉదయం 6.10కి దీక్ష మళ్ళీ మొదలు. లొకేషన్: ఆఫ్. మైకు: ఆఫ్. నోరు: ఆఫ్.