పుర్గా తైసియాకే చెందాలి

వొరోనెజ్ ప్రాంతం, ఒల్ఖోవ్కా గ్రామంలో ఉంటున్న అగ్రఫేనా తీఖోనోవ్నా ద్రోబిషెవా అనే నేను, బుద్ధి స్థిమితంగా, జ్ఞాపకం చెడకుండా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా నా చేత్తో రాస్తున్నాను. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే నోటరీ గారు దిద్దవచ్చు, మాటలు మాత్రం మార్చకూడదు.

1. ఇల్లు, బంగాళాదుంపల దొడ్డి, ఆవు, కుట్టు మిషను నా కూతురు నోన్నాకు. పొగగొట్టం ఏటా తుడిపించుకోవాలి.

2. అల్లుడు రోదియోన్‌కు నా భర్త వేట బూట్లు. గుర్రం ఇవ్వను. "తిని కూర్చోవడం తప్ప అదేం చేస్తోంది అత్తయ్యా? అమెరికా జాతి మగగుర్రంతో దాటిద్దాం, పుట్టే పిల్ల పందేలు గెలుస్తుంది. లేదంటే మాంసానికి తోలేద్దాం" అన్నాడు, నా సూపు తాగుతూనే.

3. నా ఆడగుర్రం పుర్గా, దాని కడుపులో పిల్ల, బండి, మంచుబండి, కళ్ళేలు అన్నీ తైసియాకు. ఆమె గుర్రాల ఫారంలో నా కొడుకు జఖార్‌తో పనిచేసింది, పెళ్ళి కాకుండానే వాడితో కలిసి ఉంది. "ఆవిడ మనకేమవుతుందని?" అంటుంది నోన్నా. ఏమవుతుందో నాకూ తెలియదు. మంచు బరువుకు గడ్డిపాక కూలి జఖార్ పోయిన రోజు పుర్గాకు మేత వేసింది ఆ అమ్మాయే.

4. షరతు ఒక్కటే. పుర్గా ఓర్లోవ్ జాతిది, దాన్ని ఆ జాతి మగగుర్రంతోనే దాటించాలి. పూర్వం ఒక ప్రభువు తెల్లటి అరబ్బు గుర్రాన్ని తెప్పించి, డెన్మార్కు, హాలండు గుర్రాలతో కలిపి ఈ జాతిని నిలబెట్టాడట. మూడు గుర్రాల బండిలో పక్క రెండూ దౌడు తీస్తున్నా, మధ్యలో ఉన్న ఓర్లోవ్ మాత్రం అడుగు తప్పకుండా తన వరస నడకలోనే పోతుంది. "అమ్మా, అమెరికాది పందెం గీత దాకే గుర్రం. మనది దున్నుతుంది, పెళ్ళికొడుకును మోస్తుంది, ఆదివారం పందెంలోనూ దిగుతుంది" అనేవాడు జఖార్.

5. ఫారం వాళ్ళు జఖార్ జీతానికి బదులు ఇచ్చినప్పుడు పుర్గా బొగ్గులాంటి పిల్ల. దానికి వాడు పుర్గా, అంటే మంచుతుపాను, అని పేరు పెడితే ఊరంతా నవ్వింది. "ఏరా జఖార్, కళ్ళు పోయాయా?" అన్నారు. ఈ జాతిలో తెల్లబడేవి నల్లగానే పుడతాయి, తెలుపు ముందు కళ్ళ చుట్టూ వస్తుంది. వాడు పోయేనాటికి అది ఇంకా నల్లదే. ఇప్పుడు మీగడలా ఉంది. చూస్తే వాడు గుర్తుపట్టలేడు.

ఈ వసంతంలో పుట్టేదీ నల్లగానే ఉంటుంది. తైసియా, దాని కళ్ళ చుట్టూ తెలుపు రాకముందే ఒకసారి శ్మశానానికి తీసుకెళ్ళి వాడి దగ్గర నిలబెట్టు. అక్కడి గడ్డి మేస్తే మేయనీ.

2004 మార్చి 11
(సంతకం) అ. తీ. ద్రోబిషెవా
సాక్షులు: ప్రోఖోర్ లుకిచ్ జాబెలిన్, పొరుగింటాయన, కపితొలీనా సావ్విష్నా మెరెత్స్కాయా, ఊరి నర్సు